మోటుపల్లి మీదుగా మూడు దేశాలు

గుంటూరు మిర్చి యార్డుకి కూడా బడిపిల్లల్లాగా వేసవి సెలవులుంటాయి. మే నెలలో ఎండలు ముదిరాక దాదాపు నెల రోజులు యార్డు మూసేస్తారు. ఫిబ్రవరి నుంచి అప్పటిదాకా టిక్కీలు, కాటాలు, లారీలు, తుమ్ములు. యార్డు మూసిన మర్నాడు మా బావ మొహం చూడాలి, పరీక్షలు అయిపోయిన కుర్రాడి మొహంలా ఉంటుంది. ముప్ఫై ఏళ్ళుగా కమిషన్ వ్యాపారం చేస్తున్న మనిషికి ఏడాది మొత్తమ్మీద దొరికే తీరిక ఆ నెలే. వాళ్ళింట్లో పెళ్ళయినా, ప్రయాణమయినా, కాటరాక్టు ఆపరేషనయినా ఆ నెలలోనే.

ఈసారి ఆ సెలవుల్లో మూడు దేశాలు తిరిగి రావాలని మా మేనకోడలు పట్టుబట్టింది. ముందు యూరప్ అనుకుంది. వీసా అపాయింట్‌మెంట్ల సంగతి, ఖర్చు సంగతి చూసి తూర్పుకి తిరిగింది. ఫిబ్రవరిలో ఒక ఆదివారం ల్యాప్‌టాప్ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టి ఎక్సెల్ షీటు తెరిచింది. థాయిలాండ్, మలేసియా, వియత్నాం. ఒక్కో దేశంలో ఒక పాత నగరం, ఒక బీచి. అయుత్తయ, హువాహిన్, మలక్కా, పెనాంగ్, హొయ్ ఆన్, దనాంగ్. మొత్తం పదిహేను రోజులు. ఒక్కో ఊరికి ఎదురుగా వాతావరణం, విమానం, హోటలు, వీసా, ఇన్సూరెన్సు, ఖర్చు అని గళ్ళు. చివరి గడి పేరు 'చరిత్ర'. అదొక్కటే ఖాళీగా ఉంది.

"అది నువ్వు నింపాలి మావయ్యా. ఊరికి రెండు లైన్లు చాలు" అంది. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయిన మేనమామ వల్ల ఆ మాత్రం ఉపయోగం ఉండాలి కదా.

మా అక్క అత్తగారు మంచం మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. "పాత గుళ్ళు, సముద్రం చూట్టానికి అంత దూరం పోవాలంటే? మనకి అమరావతి లేదా, సూర్యలంక లేదా?" అంది. అందరం నవ్వాం. ఆ నవ్వు అయ్యాక షీటు మళ్ళీ చూశాను. ప్రయాణికుల వరసలో నాలుగు పేర్లున్నాయి. ఆమె పేరు లేదు.

రెండు లైన్లు రాద్దామని కూర్చుంటే అది ఇంత వ్యాసం అయింది.

*

బయల్దేరకముందే కాగితం మీద ప్రయాణం చేసెయ్యడం, వచ్చాక వెనకాలవాళ్ళ కోసం అంతా రాసిపెట్టడం మనకి కొత్త కాదు. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటరుగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయల్దేరాడు. ఆ తేదీ చూడగానే నాకు యార్డు సెలవులే గుర్తొచ్చాయి. పల్లకీలు, డేరాలు, పెద్ద పరివారం. కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, కలకత్తా నుంచి తూర్పు తీరం వెంబడి దిగి వచ్చి, 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరాడు. మధ్యలో కంపెనీ సీమ, నిజాం రాజ్యం, భోంసలేల రాజ్యం దాటాడు. నాణేలు మారాయి, సుంకాలు మారాయి, మాటలు మారాయి. ఆయన లెక్కలో అది చాలా దేశాల ప్రయాణమే. ఏ మజిలీలో నీళ్ళు బాగుంటాయి, ఎక్కడ దినుసులు దొరుకుతాయి, ఏ నది ఎలా దాటాలి అన్నీ రాశాడు. 1838లో అచ్చయిన ఆ 'కాశీయాత్ర చరిత్ర' చదివితే మా మేనకోడలి షీటులో ఉన్న గళ్ళు చాలావరకు అందులో కనిపిస్తాయి. బీచి అన్న గడి ఒక్కటే ఉండదు.

బీచి మనకి నిన్నమొన్నటి మాట. మా చిన్నప్పుడు సముద్రానికి పోవడమంటే కార్తీక పౌర్ణమికి బండి కట్టుకుని వాడరేవుకో, సూర్యలంకకో పోయి మూడు మునకలు వేసి రావడం. ఇసకలో పడుకోవడానికి సముద్రం దగ్గరికి పోతారని ఎవరైనా అంటే నవ్వేవాళ్ళం. సముద్రం స్నానానికి, ఉప్పుకి, చేపలకి. అంతకు ముందు మరో పని కూడా ఉండేది. అది వర్తకం. మిరప, పత్తి పొలాల మధ్య పుట్టి పెరిగిన మాకు మా పొలాల చివర రేవులుండేవని ఎవరూ గట్టిగా చెప్పలేదు. నేను కూడా తరగతిలో ఒక పేరా చదివించి వదిలేసినవాణ్ణే.

*

షీటులో వాతావరణం గడి దగ్గర మా మేనకోడలు చాలా కష్టపడింది. మే నెలాఖరుకి థాయిలాండ్ పడమటి తీరంలో, ఫుకెట్ వైపు, వానలు పడతాయి. అందుకని తూర్పున గల్ఫ్ ఒడ్డునున్న హువాహిన్ పెట్టింది. మధ్య వియత్నాంలో ఆ రోజుల్లో పొడిగా ఉంటుంది కాబట్టి దనాంగ్. నాలుగు వందల ఏళ్ళ కిందట మన తీరం నుంచి అటు పోయిన ఓడలు కూడా ఈ గాలుల లెక్క చూసుకునే తెరచాపలెత్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన ఒడ్డు ఓడలకి మంచిది కాదు. తుఫాన్లు ఆ రోజుల్లోనూ ఆ నెలల్లోనే వచ్చేవి.

1611 ఆగస్టులో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ పేటపోలి దగ్గర లంగరు వేసింది. పేటపోలి అంటే ఇప్పటి నిజాంపట్నం. ఓడ కెప్టెన్ ఆంథొనీ హిప్పన్. వ్యాపారం చూసేవాడు పీటర్ ఫ్లోరిస్. పేరు అలా పెట్టుకున్నాడు గానీ మనిషి డచ్చివాడు. అంతకు ముందు డచ్చి కంపెనీలో పనిచేసి ఇంగ్లీషువాళ్ళ దగ్గర చేరాడు. డచ్చివాళ్ళు 1606 నాటికే పేటపోలిలో, మచిలీపట్నంలో కొట్లు తెరిచి ఉన్నారు. తూర్పు తీరంలో ఇంగ్లీషు కంపెనీ వర్తకం మొదలయింది ఈ రెండు రేవుల్లోనే. ఫ్లోరిస్ దినచర్య రాసుకున్నాడు, అది అచ్చయింది కూడా. 1612 జనవరిలో ఆయన ఇంకా ఇక్కడ ఉండగానే గోలకొండలో మహమ్మద్ కులీ కుతుబ్ షా చనిపోయాడు. గొడవలవుతాయేమోనని రేవులో అందరూ భయపడ్డారు గానీ కాలేదు.

ఫ్లోరిస్ ఇక్కడికి ఎందుకొచ్చాడు? గుడ్డ కోసం. అందులోనూ ఎర్ర గుడ్డ కోసం. అప్పటికింకా గుంటూరంటే మిరపకాయ కాదు. ఈ తీరానికి పేరు తెచ్చిన ఎరుపు మరొకటి ఉండేది. అది చిరివేరు ఎరుపు. ఇసక నేలల్లో పెరిగే ఒక చిన్న మొక్క వేరు అది. ఎండబెట్టి దంచి అద్దకానికి వాడేవాళ్ళు. ఆ తర్వాత కొన్నేళ్ళకి మచిలీపట్నంలో ఉద్యోగం చేసిన విలియం మెథ్‌వొల్డ్ మేలైన చిరివేరు పేటపోలి దగ్గర దొరుకుతుందని రాశాడు. ఉతికినకొద్దీ రంగు నిలిచే ఆ ఎరుపు కోసమే యూరప్ కంపెనీలు ఇక్కడ కొట్లు పెట్టుకున్నాయి. అయితే ఆ గుడ్డ పోయేది యూరప్‌కి కాదు. తూర్పు దీవుల్లో లవంగాలు, జాజికాయలు, మిరియాలు అమ్మేవాళ్ళకి ఇంగ్లండు ఉన్ని అక్కర్లేదు, కోరమండలం గుడ్డ కావాలి. మన గుడ్డ అక్కడ డబ్బులా చెల్లేది.

గ్లోబ్ ఆ గుడ్డ వేసుకుని జావాలోని బాంటెం చేరి, అక్కణ్ణుంచి 1612 జూన్‌లో పటానీకి, ఆ తర్వాత సయాంకి పోయింది. పటానీ ఇప్పుడు థాయిలాండ్ దక్షిణ కొనలో ఉంది. అప్పుడు దాన్ని ఒక రాణి ఏలుతోంది. సయాం రాజధాని అయుత్తయలో రాజు సోంగ్‌థాంకి ఇంగ్లండు రాజు జేమ్స్ పంపిన ఉత్తరం ఇచ్చారు. మా మేనకోడలి షీటులో మొదటి ఊరు అదే.

ఫ్లోరిస్ దినచర్యలో నన్ను పట్టుకున్న విషయం ఒకటుంది. పటానీలో సరుకు విప్పాక కొన్ని గుడ్డల ధర బాగా పడిపోయింది. గుడ్డ మంచిదే, రంగు మంచిదే. తప్పల్లా అంచు దగ్గర. మలయావాళ్ళకి అంచున సన్నటి తెల్ల చార ఉండాలి. అది లేని గుడ్డని వాళ్ళు పక్కకి తోసేశారు. ఇంత చిన్న తేడాకి ఇంత ధర పోతుందా అని ఫ్లోరిస్ నెత్తి కొట్టుకున్నాడు. ఈ సంగతి చెబితే మా బావ అస్సలు ఆశ్చర్యపోలేదు. "తేజ కాయలో రెండు తాలు కాయలు కనపడితే ఎగుమతివాడు క్వింటాకి ఎంత కోస్తాడో తెలుసా నీకు? కొనేవాడి కన్ను ఎప్పుడూ అంచు మీదే ఉంటదయ్యా" అన్నాడు. ఇవాళ ఆయన యార్డులో అమ్మించే తేజ మిరపకాయ చైనా, థాయిలాండ్, వియత్నాం, మలేసియాలకి పోతోంది. ఒకప్పుడు చిరివేరు ఎరుపు పోయిన వైపుకే.

నేత మనిషికి మాత్రం ఆ తెల్ల చార ఎవరికి కావాలో, ఎందుకు కావాలో తెలిసే దారి లేదు. ముందు బయానా ఇచ్చిన దళారి ఏం చెబితే అది నేసేవాడు. చీరాల, వేటపాలెం చుట్టుపక్కల మగ్గాల పరిస్థితి ఆ తర్వాత కూడా అదే. చీరాల తేలియా రుమాళ్ళు నూనెలో నానిన దారంతో నేసి ఏడెన్, పర్షియన్ గల్ఫ్ దాకా పోయాయి. నేసినవాళ్ళలో ఎంతమంది సముద్రం అవతలి ఒడ్డు చూసి ఉంటారు? అందుకే మా మేనకోడలి షీటుని నేను తేలిగ్గా తీసుకోలేకపోయాను. ఈ నేల సరుకు ఎప్పుడూ తిరుగుతూనే ఉంది. సరుకు పండించినవాళ్ళు, తూచినవాళ్ళు దాని వెనకాలే పోయి చూసి రావడం మాత్రం ఇప్పుడిప్పుడే మొదలైంది.

*

మలక్కా గడిలో రాయడానికి ఒక మాట చాలు. 'కెలింగ్'. పదహారో శతాబ్దం మొదట్లో మలక్కాలో ఉన్న పోర్చుగీసు తోమే పిరేష్ అక్కడి కెలింగ్ వర్తకుల సంపద గురించి రాశాడు. కోరమండలం తీరం నుంచి పోయిన తమిళులనీ, తెలుగువాళ్ళనీ కలిపి మలయావాళ్ళు పిలిచిన పేరు అది. కళింగ శబ్దం నుంచి వచ్చింది. మలక్కాలో ఇప్పటికీ కాంపుంగ్ క్లింగ్ మసీదు ఉంది, 1748 నాటిది. కానీ ఆ మాటని మలేసియాలో ఇవాళ భారతీయుల ముఖాన అంటే తిట్టే. ఓడల మీద వచ్చిన షావుకారుకి పెట్టిన పేరు, తర్వాత కాలంలో తోటల్లో పనికి వచ్చిన కూలీని తిట్టడానికి మిగిలింది. ఒకే పేరులో ఇంత ఎత్తూ ఇంత పల్లమూ ఉన్నాయి కాబట్టి అక్కడికి పోయినప్పుడు ఆ మాట నోటితో అనకుండా గోడ మీద చదువుకుంటే చాలని రాశాను.

హొయ్ ఆన్ దగ్గరికి వచ్చేసరికి మా బావ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "అక్కడ కూడా అమరావతి ఉందంట గదా?" అన్నాడు. వాట్సాప్‌లో వచ్చింది ఆయనకి. ఉంది, నిజమే. హొయ్ ఆన్, దనాంగ్, మీసన్ గుళ్ళు ఉన్న ఆ ప్రాంతం పాత చంపా రాజ్యంలో అమరావతి. ఆ దగ్గర్లోనే దోంగ్ జువోంగ్ అనే చోట 1911లో మనిషి ఛాతీ ఎత్తు కంచు బుద్ధుడు దొరికాడు. భుజం మీద వస్త్రం మడతలు చూసి పండితులు మొదట అమరావతి శైలి అన్నారు. ఇప్పుడా విగ్రహం హో చి మిన్ నగరంలోని మ్యూజియంలో ఉంది.

ఇక్కడ ఆపేస్తే గుంటూరువాళ్ళు పోయి వియత్నాంలో ఊరు కట్టారని చెప్పుకోవచ్చు. సభల్లో చెప్పుకుంటున్నారు కూడా. చరిత్ర చెప్పినవాడిగా నాకు అక్కడే గొంతు అడ్డం పడుతుంది. కృష్ణ ఒడ్డున మహాస్తూపం వెలుగుతున్న రోజుల్లో మన ఊరి పేరు అమరావతి కాదు, ధాన్యకటకం. అమరావతి అన్న పేరు అమరేశ్వరుడి గుడితో వచ్చింది, చాలా తర్వాత. అమరావతి అంటే ఇంద్రుడి పట్నం. చంపా రాజులు ఇంద్రపురం అని కూడా పేరు పెట్టుకున్నారు. వాళ్ళు పేరు తీసుకున్నది పురాణంలోంచి, మనం తీసుకున్నదీ అక్కణ్ణుంచే. ఇద్దరూ ఒకే బావిలో నీళ్ళు తోడుకున్నంత మాత్రాన ఒకరింటి నీళ్ళు ఒకరింటికి పోయాయనలేం. ఆ కంచు బుద్ధుడు కూడా సింహళంలో పోతపోసినవాడై ఉండొచ్చని తర్వాతి పండితులు ఎక్కువగా అంటున్నారు.

మా బావ మొహం కాస్త వాడింది. అంతమాత్రాన మనవాళ్ళు సముద్రం ఎక్కలేదని కాదు. శాతవాహన యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంటుంది. అదే రాజు ఇరవై ఏడో ఏట వేయించిన శాసనం చినగంజాంలో దొరికింది. మనం రైల్లో పోతూ ఉప్పు కొఠార్లు చూసే ఆ చినగంజాంలోనే. రాజు నాణెం మీద ఓడ వేయించాడంటే ఓడ వల్ల ఖజానాకి ఏదో వస్తూ ఉండాలి. అది చాలు గర్వపడటానికి. ఎవరి ఊరో మనం కట్టామని చెప్పుకోనక్కర్లేదు.

*

"అయితే మనవాళ్ళ గుర్తులు బయట ఎక్కడా లేవా మావయ్యా?" అంది మా మేనకోడలు. ఉన్నాయి. మొదట అనుకున్న యూరప్ ట్రిప్పే అయి ఉంటే లండన్‌లో చూసేది.

1790ల చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కడుతూ రాయి కోసం దీపాలదిన్నె తవ్విస్తున్నాడని విని కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. మళ్ళీ 1816లో వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి పలకల్ని మద్రాసు చేర్చాడు. చాలాకాలం ఆరుబయట పడి ఉన్నాక 1859లో లండన్ పోయాయి. అక్కడ కూడా కొన్నాళ్ళు ఎండకీ మంచుకీ వదిలేశారు. 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి. ఇవాళ పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన ధాన్యకటకం జనాన్ని, వాళ్ళ నడుముల మీద గుడ్డ మడతల్ని, వాళ్ళ ఎద్దుల్ని అద్దం గది అవతల నిలబడి చూడాలి. మిగిలిన పెద్ద భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. మన ఊరి మ్యూజియంలో ఉన్నది కొంచెం.

ప్రకాశం జిల్లా రాయి ఒకటి ఇంకా దూరం తిరిగింది. చందవరంలో బౌద్ధ స్తూపం ఉంది. అక్కడి మ్యూజియంలోంచి ఒక శిల్పం దొంగతనంగా పోయింది. బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తుల బొమ్మ, మూడో శతాబ్దం నాటిది. అది న్యూయార్క్ డీలరు చేతికి పోయి, 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి అమ్ముడుపోయింది. కాన్‌బెర్రాలో పదకొండేళ్ళుంది. పత్రాలు తప్పుడువని తేలాక 2016 సెప్టెంబరులో దాన్ని మనదేశానికి తిరిగి ఇచ్చేశారు. మా ఇంట్లో ఎవరమూ చూడనన్ని దేశాలు ఆ రాయి చూసింది. రమ్మని ఎవరూ పిలవలేదు, పోతానని అది అనలేదు.

*

ఇక మిగిలింది ఇన్సూరెన్సు గడి. దాని దగ్గర మా బావ మొండికేశాడు. మూడేళ్ళ కిందట ఒక ట్రావెల్స్ వాడికి సింగపూర్ ప్రయాణానికని లక్షా నలభై వేలు అడ్వాన్సు కట్టాడు. వాడు ఇదిగో అదిగో అని, ఆఫీసు ఖాళీ చేసి పోయాడు. "డబ్బు పోతే పోయింది, నోటి మాట మీద కోట్లు నడిపే మనిషిని నేను. వాడి నోటి మాట నమ్మి మోసపోయాను" అని ఇప్పటికీ అంటాడు. అప్పట్నించీ ఏ ప్రయాణమన్నా ఆయనకి అనుమానమే. పరాయి చోట మనకేదన్నా అయితే ఎవరు దిక్కు?

ఆయన అడిగిన ప్రశ్న పాతదే. మన తీరంలోనే దానికి ఒక జవాబు రాతి మీద చెక్కి ఉంది.

మోటుపల్లి. చీరాల దాటి చినగంజాం మండలంలో ఉంటుంది. మొన్నమొన్నటిదాకా ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. అక్కడి వీరభద్రస్వామి గుడి మండప స్తంభం మీద కాకతి గణపతిదేవుడి శాసనం ఉంది. శక సంవత్సరం 1166, అంటే 1244-45. అభయశాసనం అంటారు. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోతూ గాలివానకి చెదిరి, పగిలి, మా ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నిటినీ ఇదివరకటి రాజులు బలవంతంగా లాక్కునేవాళ్ళు, మేము ఆ పని చెయ్యం అని అందులో మాట ఇచ్చాడు. ప్రాణం కంటే డబ్బు గొప్పదనుకుని సముద్రమంత అపాయానికి ఒడిగట్టినవాళ్ళ మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, ఏర్పాటైన సుంకం తప్ప మిగిలినదంతా వదిలేస్తున్నామన్నాడు. ఆ సుంకం ఎంతో కూడా చెక్కించాడు. ఎగుమతి దిగుమతుల మీద ముప్ఫయ్యో వంతు. కొన్ని సరుకులకి విడిగా రేట్లు. గంధం, కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టుదారం, మిరియాలు, వక్కలు. ఆ జాబితా చదువుతుంటే చైనా నుంచి అరేబియా దాకా ఓడలు కళ్ళముందు కదులుతాయి.

గణపతిదేవుడి కూతురు రుద్రమదేవి కాలంలో ఈ రేవు పేరు మార్కో పోలో పుస్తకంలోకి కూడా ఎక్కింది. అందులో దాని పేరు ముత్ఫిలి. ఏలేది రాణి అనీ, న్యాయంగా ఏలుతుందనీ, వజ్రాలు దొరుకుతాయనీ, సాలెగూడంత సన్నటి గుడ్డ నేస్తారనీ రాశాడు. రాణిని చనిపోయిన రాజు భార్యగా పొరబడ్డాడు గానీ, గుడ్డ విషయంలో పొరబడలేదు. కాకతీయులు పోయాక 1358లో కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే ఊళ్ళో వర్తకులకి మళ్ళీ హామీ శాసనం వేయించాడు. ఇచ్చిన మాటని మరో వంశం వచ్చాక మళ్ళీ ఇవ్వాల్సి వచ్చింది. మాటకి గడువుంటుంది మరి.

మాట లేనిచోట ఏమవుతుందో ఫ్లోరిస్ దినచర్యే చెబుతుంది. 1614లో మచిలీపట్నం గవర్నరు బాకీ తీర్చకుండా తిప్పుతుంటే, ఫ్లోరిస్ సుంకం ఇంట్లోంచి ఆయన కొడుకుని పట్టుకుని ఓడ మీదికి ఎత్తుకుపోయాడు. బాకీ వసూలయ్యాకే వదిలాడు. సుంకం వసూలు చేసే ఇల్లే మనిషిని ఎత్తుకెళ్ళే చోటు అయింది. మోటుపల్లి స్తంభం చెక్కి అప్పటికి మూడు వందల డెబ్బై ఏళ్ళు.

*

ఇదంతా చెప్పి, "మీలో ఎవరన్నా మోటుపల్లి చూశారా?" అని అడిగాను. ఎవరూ చూడలేదు. చెప్పడానికి సిగ్గుగానే ఉంది, నేనూ చూడలేదు. పుస్తకంలో చదివి ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పాను. గుంటూరు నుంచి రెండు గంటల దారి.

మార్చిలో ఒక ఆదివారం, యార్డు లేని రోజు, కారులో బయల్దేరాం. అత్తయ్యని కూడా ఎక్కించాం, ఆమెకి ముందు సీటు. బాపట్ల, చీరాల దాటాక నల్లరేగడి పోయి ఇసక వచ్చింది. తాళ్ళు, జీడిమామిళ్ళు, సరుగుడు తోటలు. ఊరు చిన్నది. అంతర్జాతీయ రేవు అనడానికి గుర్తుగా ఓడ లేదు, మేడ లేదు. గుడి ఉంది, మండపం ఉంది, స్తంభం ఉంది. అక్షరాల మీద చెయ్యి పెట్టకుండా దగ్గరగా నిలబడి చూశాను. మా మేనకోడలు ఫోన్లో ఫొటోలు తీసింది.

అత్తయ్య మండపం మెట్టు మీద కూర్చుంది. "ఏం రాశాడంట?" అంది. మళ్ళీ చెప్పాను, పడవ బద్దలై వచ్చినోళ్ళ సొమ్ము మేం తీసుకోమని రాజు మాటిచ్చాడని.

ఆమె కాసేపు ఆలోచించింది. "అంటే అంతకు ముందు తీసుకునేవాళ్ళన్నమాట. మునిగి చచ్చీ చెడీ ఒడ్డుకొచ్చినోడి దగ్గిర" అంది.

ముప్ఫై ఏళ్ళు నేను ఈ శాసనాన్ని కాకతీయుల ఉదారతకి సాక్ష్యంగా చెప్పాను. అది నిజమే. కానీ దానికి ముందు వాక్యం కూడా అదే రాతి మీద ఉంది. ఒడ్డుకి కొట్టుకొచ్చిన మనిషిని దోచుకోవడం ఇక్కడి ఆచారంగా ఉండేది, దాన్ని ఒప్పుకుని మానేశారు. మా గొప్పతనం అని చెప్పుకోవలసింది దోచనితనం కాదు, మానేయడం. చదువుకోని ముసలామె ఒక్కసారి విని పట్టుకున్నది నేను పుస్తకాల్లో చదివి కూడా దాటిపోయాను.

సాయంత్రం ఒడ్డుకి పోయాం. అత్తయ్య చీర కుచ్చిళ్ళు పట్టుకుని మడమలదాకా నీళ్ళలో నిలబడింది. మా మేనకోడలు పక్కనే చెయ్యి పట్టుకుంది.

"ఈ నీళ్ళేనా మీరు పోయే ఊళ్ళలో కూడా?"

"ఇవే నానమ్మా. అటు ఒడ్డు."

"నాకూ చూపియ్యొచ్చుగా."

"నువ్వు రానంటావనుకున్నా."

"నన్నడిగారా?"

ఎవరూ మాట్లాడలేదు. మా బావ అలల వైపు చూస్తూ నిలబడ్డాడు. దారిలో చీరాలలో టీ తాగేటప్పుడు మా మేనకోడలు ల్యాప్‌టాప్ తీసి ఐదో పేరు చేర్చింది. మలక్కాలో మెట్లెక్కే కొండ తీసేసింది, అయుత్తయలో ఒక రోజు పెంచింది. చరిత్ర గడిలో మొదటి వరసగా, అయుత్తయకి పైన, మోటుపల్లి అని రాసి పక్కన ఖర్చు గడిలో పెట్రోలు, టీలు వేసింది. ఇన్సూరెన్సు ఐదుగురికీ కట్టమని మా బావే చెప్పాడు.

అత్తయ్యకి పాస్‌పోర్టు లేదు. మర్నాడే అప్లై చేశారు. ఆమె పుట్టిన తేదీ ఏ కాగితంలోనూ ఒకేలా లేదట, దానికోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. మే మూడో వారంలోపు రాకపోతే తేదీలు జరుపుతానంటోంది మా మేనకోడలు. జరపొచ్చు. యార్డు తెరిచే తేదీ మాత్రం జరగదు.